బోల్టు వేసిన షాకిల్: బోగోలు దగ్గర గ్రానైట్ ట్రైలర్ తీసిన కేసు

డిసెంబరు మొదటి వారం, రాత్రి 2 దాటి పది నిమిషాలైంది. ఆ వేళలో ఫోను మోగిందంటే ఎవరో చూడక్కర్లేదు, ఎక్కడో లారీ పడినట్టే. అవతల చీమకుర్తి వైపు ట్రైలర్లు తిప్పే యజమాని.

"అన్నా, బండి బోగోలు దాటినాక రోడ్డు దిగిపోయింది. రెండు గెలాక్సీ గ్రానైట్ బండలుండాయి. తెల్లారేలోపల తీసెయ్యాలన్నా."

"డ్రైవరు ఎట్టుండాడు?"

"వాడు బాగానే ఉండాడు. క్లీనరుకు కాలు విరిగినట్టుంది, 108లో కావలికి పంపించినాం."

సింగరాయకొండ నుంచి నాయుడుపేట దాకా 16వ నంబరు జాతీయ రహదారి మీద పద్దెనిమిదేళ్లుగా లారీలు లేపుతున్నాను. ఈ కేసు రాయడానికి కారణం అందులో నేను చేసిన తప్పే. ఎవరికీ దెబ్బ తగల్లేదు కాబట్టి బయటికి చెప్పకుండా ఊరుకోవచ్చు. మా లైనులో అందరూ అట్లా ఊరుకుంటారు కాబట్టే అదే తప్పు ఇంకోచోట ఇంకొకడు చేస్తాడు.

నెల్లూరు నుంచి మేం చేరేసరికి 3 అయింది. సన్నగా తుంపర. 22 చక్రాల ట్రైలర్, కృష్ణపట్నం పోర్టుకు పోతోంది. గేదె అడ్డం వచ్చిందని డ్రైవరు ఎడమకు కోశాడు. వానకు నానిన మార్జిన్ మట్టి ఆ బరువుకు కుంగి, ఎడమ చక్రాలన్నీ కట్ట దిగాయి. కట్ట ఎత్తు మీటరున్నర. కింద నాట్ల కోసం దమ్ము చేసి నీళ్లు పెట్టిన పొలం. వెనక బండ ఆ బురదలోకి జారిపడి సగం దాకా కూరుకుపోయింది. ముందు బండ మాత్రం ట్రైలర్ మీదే ఉంది. ఎడమకు జరిగి, పక్కన నిలబెట్టిన ఇనుప గూటాలకు ఆనుకుని ఆగింది. ట్రైలర్ పాతిక ముప్పై డిగ్రీలు వాలి ఉంది. తలెత్తి చూస్తే పొలాల్లో మోటార్లకు పోయే 11 కేవీ లైను, సరిగ్గా క్రేన్ చెయ్యి తిరగాల్సిన చోట.

ముందుగా బండి జోలికి పోలేదు. బ్యాటరీ వైర్లు పీకించి, డీజిల్ ట్యాంకు కారుతోందేమో చూశాం. తర్వాత వెనక ట్రాఫిక్. హైవే పెట్రోలింగ్ వాళ్లు అప్పటికే వచ్చి కోన్లు పెట్టారు. అవి మరీ దగ్గరగా ఉన్నాయని మా కుర్రాడికి లైటు కర్ర ఇచ్చి ఇంకా 300 మీటర్లు వెనక్కి పంపాను. లోడు మీద 60 వేగంతో వచ్చే లారీ తడి రోడ్డు మీద ఆగడానికి ఎంత దూరం కావాలో నడిపిన వాడికే తెలుసు. మా పనిలో రోపు తెగి పోయిన వాళ్లకంటే వెనక నుంచి వచ్చిన బండి గుద్ది పోయిన వాళ్లనే నేను ఎక్కువ చూశాను. ఇంకో మాట. బ్రేక్‌డౌన్ అయితే చెట్టు కొమ్మలూ రాళ్లూ అడ్డం పెట్టే అలవాటు మనవాళ్లకుంది. బండి బాగైపోతే కొమ్మలు తీస్తారు, రాళ్లు అక్కడే వదిలేస్తారు. మరుసటి రాత్రి ఆ రాయి ఎక్కి మోటార్ సైకిల్ పడుతుంది. 1033కి ఫోను చేస్తే ఏ టైములోనైనా హైవే వాళ్లు వస్తారు, ఆ రాళ్ల పని ఉండదు.

ఇక బరువు లెక్క. ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి.

యజమాని ఫోనులో ముందు బండ "పదహారు టన్నుల్లోపే" అన్నాడు. అబద్ధం కాదు, ఆయన చేతిలో కాగితం అదే చెబుతోంది. 2.50 మీటర్ల పొడవు, 1.50 వెడల్పు, 1.40 ఎత్తు. అంటే 5.25 సీబీఎం (క్యూబిక్ మీటర్లు). గెలాక్సీ రాయి క్యూబిక్ మీటరుకు దగ్గర దగ్గర 3 టన్నులు తూగుతుంది. లెక్క కడితే 15.75. కానీ క్వారీలో కొలత ఎట్లా వేస్తారో తెలిసినవాడు ఈ అంకెను నమ్మడు. బండ గరుకుగా ఉంటుంది, మూలలు సమంగా ఉండవు. కొనేవాడు కోతలో పోయే భాగాన్ని ముందే తరుగు తీసి కొలుస్తాడు. కాగితం మీదకి వచ్చేది ఆ నికర కొలత. డబ్బు దానికే. క్రేన్ హుక్కుకు మాత్రం తరుగు తెలియదు, అది మొత్తం బండనూ మోయాలి.

కాటా చీటీ అడిగాను. అది బండి మొత్తం బరువు చెబుతుంది గానీ ఏ బండ ఎంతో విడిగా చెప్పదు. అందుకని టేపు పట్టుకుని నేనే కొలిచాను, బండ జారే వైపుకు పోకుండా, కుడి పక్క నుంచి ఎక్కి. ప్రతి వైపూ కాగితం కంటే పది సెంటీమీటర్లు ఎక్కువ తేలింది. 2.60, 1.60, 1.50. అంటే 6.24 సీబీఎం, 18.7 టన్నులు. పదేసి సెంటీమీటర్ల తేడా మూడు టన్నులు మింగేసింది. యజమాని అప్పటికే కాగితం లెక్కతో ఒక క్రేన్ మాట్లాడి ఉన్నాడు. దాన్ని ఆపించి, 80 టన్నులది పంపమని చెప్పించాను. అది రావడానికి నాలుగు గంటలు పడుతుందన్నారు.

ఈలోగా ఎవరు పిలిచారో తెలియదు, రెండు హైడ్రాలు, అంటే చిన్న క్రేన్లు, దిగాయి. 14 టన్నులవి. చుట్టూ చేరిన వాళ్లలో ప్రతివాడూ ఇంజినీరే. "రెండు కలిస్తే 28 కదన్నా, బండ 19 గదా, ఎందుకు లేవదు?" అని యజమాని. హైడ్రా మీద రాసి ఉండే 14 అనేది బూమ్, అంటే క్రేన్ చెయ్యి, పూర్తిగా లోపలికి ముడుచుకుని, బరువు దాని ముక్కు దగ్గరే ఉన్నప్పటి మాట. బూమ్ చాపి కట్ట కిందికి అందుకోవాలంటే ఆ 14 కాస్తా సగమై, పావు అవుతుంది. పైగా ఆ బండి నడుము దగ్గర విరిగి తిరుగుతుంది. బరువుతో ఉండగా స్టీరింగ్ తిప్పితే బరువు పక్కకి పోయి అదే పడిపోతుంది. రెండు క్రేన్లతో ఒకే బరువు ఎత్తితే, ఒకడు రెండంగుళాలు ముందు లేపినా సగానికి మించిన బరువు ఒకడి మీదే పడుతుంది. వద్దన్నాను. దీనికి ఆయన అలిగాడు. తప్పుగా అనుకోలేదు, ఆయన బండి, ఆయన బాధ.

ఇంతవరకూ నేను సరిగ్గానే ఉన్నాను.

5 గంటలకు ట్రాఫిక్ కిలోమీటర్లు పేరుకుంది. కావలి వైపు నుంచి వచ్చే బస్సులు, రొయ్యల లోడు ఐస్ బండ్లు, అన్నీ ఒకే లేనులో పాకుతున్నాయి. పోలీసాయన పది నిమిషాలకోసారి వచ్చి "ఇంకెంతసేపయ్యా" అంటున్నాడు. క్రేన్ వచ్చేలోపు మా బండికున్న, రోపు చుట్టి లాగే వించ్‌తో ఒకసారి లాగి చూద్దాం, కొంచెం పైకి వచ్చినా మేలే కదా అనిపించింది. మా దగ్గర రోపులు కట్టే పని (రిగ్గింగ్) చేసే పెద్దాయన ఒకాయన ఉన్నాడు, మేమంతా మామా అంటాం. ఆయన నా పక్కకి వచ్చి, "బండ పైనుండగా ఎందుకు అల్లుడా, దించినాక లాగుదాం" అన్నాడు. విన్నాను. వినీ లాగాను.

నా లెక్క ఇది. ఖాళీ బండి పదహారున్నర, పైన బండ 18.7, మొత్తం 35 టన్నులు. బురదలో దిగిన బండికి సైన్యంలో రికవరీ వాళ్లు వాడే ఒక మోటు లెక్కుంది. చక్రాల దాకా దిగితే బండి బరువంత లాగుడు, మడ్‌గార్డు దాకా దిగితే రెండింతలు, క్యాబిన్ దాకా మునిగితే మూడింతలు కావాలి. మాది చక్రాల దాకానే. పైగా కుడి చక్రాలు గట్టి కంకర మీద ఉన్నాయి కదా అని సగమే వేసుకున్నాను, పదిహేడున్నర. ఏటవాలుగా పైకి లాగడానికి ఇంకో 9. మొత్తం 26, 27.

మా వించ్ 20 టన్నులది. డ్రమ్ము మీద ఒకే వరస రోపు ఉన్నప్పుడే అది 20 లాగుతుంది. వరస మీద వరస ఉంటే డ్రమ్ము లావై లాగుడు తగ్గుతుంది. ఆ రాత్రి బయటికి తీసిన రోపు తక్కువ, డ్రమ్ము మీద మూడు వరసలున్నాయి. కాబట్టి 15 కంటే ఎక్కువ రాదు. పుల్లీ వేసి రెట్టింపు చేస్తే, రాపిడి పోను 28. 27 కావాలి, 28 ఉంది. ఇంత సన్నటి తేడాతో చేయకూడదని ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది. అప్పుడు సరిపోయింది అనిపించింది.

రోపు మా బండి వించ్ నుంచి పోయి, ట్రైలర్ ఇంజిను (క్యాబిన్ ఉండే ముందుభాగాన్ని మేం అట్లా అంటాం) ముందు హుక్కుకు కట్టిన పుల్లీలో తిరిగి, మళ్లీ మా బండికే వచ్చి ముడిపడింది. మా బండి జారకుండా ముందు ఒక లోడు టిప్పర్‌ని గొలుసులతో కట్టాం. రెండు రోపుల మీదా ఇసుక నింపిన తడి గోతాలు వేశాం. పుల్లీని హుక్కుకు పట్టించే షాకిల్, అంటే అడ్డంగా పిన్ను ఉండే ఇనుప వంకీ, నేనే వేశాను. చీకట్లో, తుంపరలో, పెట్టెలో చేతికి అందింది తీసి.

అసలు విషయం ఇక్కడే ఉంది. పుల్లీ వేస్తే లాగుడు రెట్టింపవుతుందని మా లైనులో చిన్న పిల్లాడికి కూడా తెలుసు. ఆ రెట్టింపు మొత్తం పుల్లీని పట్టుకున్న ఒక్క షాకిల్ మీద పడుతుందన్నది ఎవరికీ గుర్తుండదు. రోపు ఒక్కో పాయ 15 లాగుతుంటే, షాకిల్ 30కి దగ్గరగా మోస్తోంది. రోపు ఎంత లావు అని పది మంది అడుగుతారు, షాకిల్ మీద ఏం రాసుందని ఒక్కడూ అడగడు.

వించ్ వేశాను. రోపు బిగిసింది. ట్రైలర్ ఒక అడుగు కదిలింది, అందరూ "వచ్చింది వచ్చింది" అన్నారు. తర్వాత ఆగిపోయింది. మా బండి ఇంజిను గొంతు మారింది. డ్రమ్ము దగ్గర రోపు నుంచి నీళ్లు పిండినట్టు బయటికి వస్తున్నాయి. అంటే రోపు తన పని తాను చేస్తోంది, బండే రానంటోంది. అక్కడే లివరు వదిలెయ్యాలి. ఇంకో అంగుళం, ఇంకో అంగుళం అని పట్టుకున్నాను.

రెండు నిమిషాల ముందు మామ ఒకణ్ని బూతులు తిట్టి తరిమాడు. రెండు రోపుల మధ్య ఉన్న ఖాళీలో నిలబడి ఫోనులో వీడియో తీస్తున్నాడు వాడు.

చప్పుడు పెద్దగా రాలేదు. రోపు తెగితే తుపాకీ పేలినట్టుంటుంది. ఇది కర్ర విరిగినట్టు "టక్" అంది. పుల్లీ, షాకిల్ వంకీతో సహా, మా బండి వైపు వచ్చింది. ఇసుక గోతాల బరువుకు రోపు కిందికి లాగడంతో పుల్లీ రోడ్డును ఒకసారి కొట్టుకుని, ఎగిరి, నా ముందున్న ఇనుప జాలీకి తగిలి పడింది. నాకూ దానికీ మధ్య ఒక గజం. జాలీ లోపలికి చొట్టపోయింది. అటుపక్క, పట్టు వదిలిన ట్రైలర్ వెనక్కి కూర్చుంది. దానిమీద బండ జానెడు జరిగింది. గూటం ఒకటి వంగింది. ఆ జానెడు ఇంకో జానెడై ఉంటే బండ కట్ట కిందికి పోయేది, ట్రైలర్‌ను తనతో తీసుకునే పోయేది.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మామ టార్చి పట్టుకుని వెతికి, తెగిన ముక్క తెచ్చి నా చేతిలో పెట్టాడు. షాకిల్‌కు ఉండాల్సిన పిన్ను కాదు. మామూలు 30 ఎంఎం బోల్టు. ఎప్పుడో ఏ పనిలోనో పిన్ను పోతే, ఎవరో సరిపోయింది కదా అని బోల్టు దూర్చి పెట్టెలో వేశారు. బోల్టు మెడ పొట్టిగా ఉండడంతో, మర ఉన్న భాగం షాకిల్ చెవిలోకి వచ్చింది. మర దగ్గర ఇనుము సన్నం. సరిగ్గా ఆ గాడిలోనే తెగింది. తెగిన ముఖం సగం నున్నగా, సగం గరుకుగా ఉంది. నున్నగా ఉన్న చోట తుప్పు రంగు. అంటే ఆ బోల్టు సగం ఎప్పుడో పగిలే ఉంది. వంకీ మీద ఎంత మోస్తుందో చెప్పే ముద్ర కూడా లేదు. పాత ఇనుము కొట్లో కిలోల లెక్కన కొన్న సరుకు. "ఎవరేసినార్రా దీన్ని?" అని మామ కుర్రాళ్లను అడుగుతుంటే, నేనే అని చెప్పాను.

బండి ఎందుకు రాలేదన్నది తెల్లారాక తెలిసింది. ఇంజిను విప్పినప్పుడు ట్రైలర్‌ను నిలబెట్టే కాళ్లు ఉంటాయి కదా, వాటిలో ఎడమ కాలు బురదలోకి నిలువునా దిగి లంగరు వేసినట్టు పాతుకుపోయింది. దాన్ని వదిలించకుండా 28 కాదు, 40 లాగినా రాదు. నేను చక్రాలు చూశాను గానీ కిందికి వంగి కాళ్లు చూడలేదు. బురదలో పడుకుని చూడాల్సి వస్తుందని బద్ధకం.

క్రేన్ 7 దాటాక వచ్చింది. అప్పటినుంచి పనికి టెన్షన్ లేదు, ఓపిక కావాలంతే. ముందు కరెంటు. లైన్‌మన్ వచ్చి సబ్ స్టేషన్‌లో ఎల్సీ, అంటే లైను ఆపే అనుమతి, తీసుకుని, స్తంభం మీది ఏబీ స్విచ్ దించి, ఎర్త్ రాడ్లు వేసేదాకా బూమ్ లేపనివ్వలేదు. "దూరంగానే ఉంది కదన్నా" అన్నాడు క్రేన్ ఆపరేటరు. తీగ తగలనక్కర్లేదు, తడిలో దగ్గరికి పోతే చాలు దూకుతుంది. క్రేన్‌ను మార్జిన్ మీద పెట్టలేదు. ఏ మార్జిన్ కుంగి బండి దిగిందో దాని మీదే 80 టన్నుల క్రేన్ జాక్‌లు దించితే రెండో కేసు తయారవుతుంది. తారు మీదే నిలబెట్టి, జాక్‌ల కింద రైలు స్లీపర్లు పరిచి, ఆ వైపు ట్రాఫిక్ మొత్తం అవతలి రోడ్డుకు మళ్లించాం. ఏడు మీటర్ల దూరానికి ఎంత ఎత్తుతుందో చార్టు తెరిచి ఆపరేటరుతో కలిసి చూశాం.

బండకు బెల్టులు వద్దన్నాను. గెలాక్సీ బండ అంచు కత్తిలా ఉంటుంది, తడి బెల్టు బరువు పడగానే కోసుకుపోతుంది. వైరు రోప్ స్లింగులు వేసి, మూలల్లో పాత టైరు ముక్కలు పెట్టాం. స్లింగుకు నాలుగు కాళ్లున్నా రెండే మోస్తాయని లెక్క వేసుకోవాలి, బండ గట్టిది, వంగి నాలుగింటికీ సమంగా పంచదు. స్లింగు బండ పైముఖానికి 60 డిగ్రీల్లో ఉంటే ఒక్కో కాలి మీద దాదాపు 11 టన్నులు. అదే పొట్టి స్లింగు వేసి 30 డిగ్రీలకు చాపితే ఒక్కో కాలు మొత్తం 18.7నీ మోయాలి. స్లింగు పొడవు తగ్గితే ఎత్తు కలిసొస్తుందని చాలామంది చేసే పని ఇదే.

బండ లేచింది, రోడ్డు మీద ఇంకో ట్రైలర్‌లో కూర్చుంది. పారలతో ఆ కాలి చుట్టూ తవ్వి, పైకి తిప్పేశాం. ఎడమ చక్రాల ముందు స్లీపర్లు దూర్చాం. క్రేన్ వాళ్ల దగ్గర 25 టన్నులని ముద్ర ఉన్న షాకిల్ అడిగి తీసుకున్నాను. ఖాళీ బండి, తొమ్మిది నిమిషాల్లో రోడ్డు మీదికి వచ్చింది. ఆ తొమ్మిది నిమిషాల పనికి తెల్లారకముందు నేను ప్రాణం పణం పెట్టాను.

లాక్కుపోయే ముందు చేసినవి త్వరగా చెబుతాను. గేరుబాక్సు నుంచి వెనక చక్రాలకు పోయే ప్రొపెల్లర్ షాఫ్టు విప్పాం. ఇంజిను ఆగి ఉండగా వెనక చక్రాలు తిరిగితే గేరుబాక్సులో నూనె ఎగజిమ్మదు, బేరింగులు కాలిపోతాయి. గాలి లేక పట్టేసిన బ్రేకు చాంబర్లను బోల్టు బిగించి వదులు చేశాం. ఇవి చేయకుండా లాగి, ఆక్సిడెంటు ఖర్చుకు రిపేరు ఖర్చు కలిపే వాళ్లు మా దగ్గర బోలెడంత మంది.

డబ్బు సంగతి. యజమాని పాలసీ తీసి చూపించాడు. లారీని చోటు నుంచి తరలించడానికి ఇన్సూరెన్స్ ఇచ్చేది 2,500 రూపాయలు. మోటారు టారిఫ్ కాలం నుంచీ లారీలకు ఉన్న అంకె అదే, ఎక్కువ కావాలంటే ముందే అదనంగా ప్రీమియం కట్టి ఉండాలి. ఆయన కట్టలేదు. ఎవరూ కట్టరు. 80 టన్నుల క్రేన్ బిల్లు ముందు ఆ 2,500 డీజిలుకు కూడా చాలదు. అందుకే ప్రతి యజమానీ హైడ్రాలతో కానిచ్చేద్దాం అంటాడు, మాలో చాలామంది సరే అంటారు. నా బిల్లులో లాగుడు ఫెయిలైన భాగానికి డబ్బు తీసుకోలేదు.

ఆ వారమే మా పెట్టె మొత్తం రోడ్డు మీద బోర్లించాను. ముద్ర లేనివి, బోల్టు ఉన్నవి పదకొండు షాకిళ్లు తేలాయి. గ్యాసు కట్టర్‌తో రెండు ముక్కలు చేసి అమ్మేశాను. ఊరికే అమ్మితే ఇంకెవరో కొనుక్కుంటారు.

పొలంలో పడ్డ రెండో బండను మరుసటి రోజు తీశాం. అది చిన్నదే, పద్నాలుగు టన్నులు. కానీ మెత్తటి బురద కింద నుంచి పీల్చి పట్టుకుంది. నేరుగా ఎత్తబోతే క్రేన్‌లో 20 చూపించింది. ఆపించి, ఒక మూల కింద జాకీ వేసి మెల్లగా ఎత్తుతూ, గాలి లోపలికి పోయేదాకా ఆగాం. బుడబుడమని నీళ్లు పోయిన చప్పుడు వచ్చాక, అదే క్రేన్ కాటా 14 చూపించింది.

బండ లేచిన గుంతలో నీళ్లు నిండాయి. గట్టు మీద పొద్దుటి నుంచి కూర్చున్న రైతు అప్పుడు లేచి వచ్చాడు. కట్ట జారిన మట్టి, స్లీపర్ల ముక్కలు, ఒలికిన డీజిలు, అన్నీ చూసి, "దమ్ము మళ్లీ చెయ్యాల్సిందే గదన్నా" అన్నాడు. ట్రాక్టరుకు గంటల లెక్క కట్టి, యజమాని చేత అక్కడే ఇప్పించాం.